కుర్చీకి మూడు కొటేషన్లు – గ్రాట్యుటీకి ఒక్క సంతకం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార సంస్థలు, వినియోగదారులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. వినడానికి ఇది ఎకనామిక్స్ లెక్చరరుగారు చెప్పవలసిన పాఠంలా ఉంది. నేను లెక్చరరును కాను. సర్వీసులో ఎక్కువ కాలం స్టోర్సు, పర్చేజు సెక్షన్లలో గడిపినవాడిని. అంచేత నాకు తెలిసిన దారినే ఈ విషయంలోకి వస్తాను.

ఆఫీసులో పది కుర్చీలు కావలసివస్తే ఏం జరిగేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ముందు సెక్షను నుంచి ఇండెంటు రావాలి. బడ్జెటులో డబ్బుందా లేదా చూడాలి. మూడు చోట్ల నుంచి సీలు వేసిన కొటేషన్లు తెప్పించాలి. వాటితో కంపారటివ్ స్టేట్‌మెంటు తయారుచేయాలి. తక్కువ రేటు వాడిని కాదని మరొకడికి ఆర్డరు ఇవ్వాలంటే ఎందుకో ఫైల్లో రాయాలి. పై అధికారి శాంక్షను కావాలి. సరుకు వచ్చాక తనిఖీ చేసి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఆ తరువాతే బిల్లు. ఇంత చేశాక కూడా ఆడిట్ వారు వచ్చి ఒక అబ్జెక్షను రాసి వెళ్ళేవారు. ఈ తతంగం చూసి మనమే విసుక్కునేవాళ్ళం.

ఇదంతా చేసిన మనిషే రిటైరవుతాడు. కమ్యుటేషను, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంటు అన్నీ కలిపి జన్మలో ఎన్నడూ చూడనంత మొత్తం ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. అప్పుడు ఏం చేస్తాడు? తోడల్లుడు చెప్పాడనో, పొద్దుటి నడకలో పరిచయమైన పెద్దమనిషి చెప్పాడనో, కౌంటరులో అమ్మాయి "ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి అంకుల్" అన్నదనో సంతకం పెట్టేస్తాడు. రెండో కొటేషను లేదు, నోటు లేదు, శాంక్షను లేదు, ఆడిటు అసలే లేదు. ఇంట్లో భార్యకు కూడా ఆ కాగితం మీద ఏముందో తెలియదు.

కుర్చీ విరిగితే ప్రభుత్వం మరొకటి కొంటుంది. గ్రాట్యుటీ పోతే మరొక గ్రాట్యుటీ రాదు. ఈ రోజు నేను చెప్పదలచినది ఈ తేడా గురించే. సంస్థకూ ఇంటికీ మధ్య ఉన్న తేడా తెలివిలో లేదు, పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి మనందరికీ చేతనైనదే.

వ్యాపారస్థుడి లెక్క

ముందుగా అవతలి పక్షం ఎలా ఆలోచిస్తుందో చూద్దాం. మన తరం వారందరికీ తెలిసిన సబ్బుపొడి కథ చెబుతాను. సర్ఫ్ మన దేశంలోకి 1959లో వచ్చింది. అది మంచి సరుకే, కాని సామాన్య గృహిణి చేతికి అందే ధర కాదు. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ఆయన ఇంటి దగ్గరే ఒక పొడి తయారుచేసి, సైకిలు మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. ఆయన గుజరాత్ ప్రభుత్వంలో కెమిస్టుగా పనిచేస్తున్న ఉద్యోగి, అంటే మన వర్గం వాడే. ఆ పొడికి కూతురి పేరు మీద నిర్మా అని పేరు పెట్టారు. సర్ఫ్ ధరలో మూడో వంతు కన్నా తక్కువకే ఇచ్చారు.

సర్ఫ్ తయారుచేసే హిందుస్థాన్ లీవర్ మొదట దీన్ని లెక్కచేయలేదు. నిర్మా కొనేవారు ఎలాగూ తమ సరుకు కొనేవారు కారని వారి ధీమా. 1980ల మధ్యకు వచ్చేసరికి అమ్మకాల పరిమాణంలో నిర్మా సర్ఫ్‌ను దాటిపోయింది. అప్పుడు ఆ కంపెనీ ఏం చేసింది? ఒక పక్క టీవీలో లలితాజీ అనే గడుసు ఇల్లాలిని చూపించి, చవకగా దొరకడం వేరు, గిట్టుబాటు కావడం వేరు అని చెప్పించింది. మరొక పక్క ఆ దశాబ్దం చివర్లో వీల్ అనే పేరుతో చవక పొడిని తనే బజారులోకి దించింది. ఒకప్పుడు తాము కాదనుకున్న బజారులోకి తామే వెళ్ళారు. అంత పెద్ద కంపెనీ కూడా మొదట పొరబడింది. కాని అమ్మకాల లెక్కలు నెలనెలా ముందు పెట్టుకుని, పాత నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించి, దారి మార్చుకుంది. సంస్థల బలం ఇక్కడ ఉంది.

మరొక చిన్న ఉదాహరణ. ఐదు రూపాయల బిస్కట్టు ప్యాకెట్టు సంవత్సరాల తరబడి ఐదు రూపాయలకే దొరుకుతూ ఉంటుంది. పిండి, పంచదార, నూనె, డీజిలు ధరలు పెరిగినా ప్యాకెట్టు ధర మాత్రం కదలదు. ఇదెలా సాధ్యం? ప్యాకెట్టు తీసి గ్రాములు చదవండి, జవాబు అక్కడ ఉంటుంది. ఐదు రూపాయలంటే జేబులోంచి తీసి ఇచ్చే ఒక్క బిళ్ళ. ఆరు రూపాయలంటే చిల్లర వెతుక్కోవాలి. ధర పెంచితే కొనేవాడు వెంటనే గమనిస్తాడు, బరువు తగ్గిస్తే గమనించడు. ఈ సంగతి తయారీదారుకు బాగా తెలుసు. ఇది మోసం కాదు. బరువు ప్యాకెట్టు మీద అచ్చువేసే ఉంటుంది. కాని నిర్ణయం మాత్రం మన కన్ను ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో లెక్క వేసి తీసుకున్నది.

ఇందుకు విరుగుడుగా 2021లో ప్యాకేజీ సరుకుల నిబంధనలను సవరించారు. గరిష్ఠ చిల్లర ధరతోపాటు గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా చాలా రకాల ప్యాకెట్ల మీద వేయాలి. చిన్న అక్షరాలే, అయినా ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూడండి. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనే మన నమ్మకం ఒక్కొక్కసారి తప్పు అవుతుంది.

కొనేవాడి లెక్క

ఇప్పుడు మన పక్షానికి వద్దాం. అమెరికాలో హెర్బర్ట్ సైమన్ అనే పండితుడు ఉండేవారు. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. 1947లో ఆయన వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం ఆఫీసులలో నిర్ణయాలు ఎలా జరుగుతాయన్నదాని మీదే. ఆయన చెప్పినదాని సారాంశం ఇది. మనిషికి అన్ని వివరాలూ తెలియవు, తెలుసుకునే తీరిక ఉండదు, తెలిసినా అన్నిటినీ ఒకేసారి తూచగల శక్తి ఉండదు. అందుచేత అన్నిటికన్నా మంచిది దొరికేదాకా వెతకడు. "ఇది చాలు" అనిపించిన దగ్గర ఆగిపోతాడు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు దేశంలో ఉన్న వరులందరినీ చూస్తామా? పిల్లవాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది, కుటుంబం మంచిది, ఇక చాలు అనుకుని తాంబూలాలు పుచ్చుకుంటాం. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. లేకపోతే ఏ పెళ్ళీ జరగదు. కాని ఒక్క చిక్కు ఉంది. "చాలు" అనుకున్న నాటి పరిస్థితులు మారిపోయినా మనం ఆ "చాలు"నే పట్టుకుని కూర్చుంటాం.

రెండో సంగతి, నష్టభయం. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన పరిశోధనలో దీన్ని సిద్ధాంతంగా చెప్పారు. వారిలో కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ అప్పటికే కాలం చేశారు. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కన్నా వంద రూపాయలు పోతే కలిగే బాధ చాలా ఎక్కువ, సుమారు రెట్టింపు అంటారు. అందుకే "ఈ అవకాశం రేపటితో ఆఖరు" అనే మాటకు మనం అంత తొందరగా లొంగుతాం. కొనకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది.

మూడోది, డబ్బును వేరువేరు డబ్బాల్లో చూసుకోవడం. రిచర్డ్ థేలర్ అనే ఆయన దీని మీద చాలా కృషి చేశారు. ఆయనకు 2017లో నోబెల్ వచ్చింది. మన అమ్మలు పోపుల పెట్టెలో దాచిన డబ్బు ఏ అవసరానికీ కదిలేది కాదు. అది మంచి అలవాటే. అదే అలవాటు మరొక రూపంలో కీడు చేస్తుంది. నెల పెన్షను రూపాయి రూపాయి లెక్క చూసి ఖర్చుపెడతాం. డి.ఆర్. ఎరియర్సు వస్తే, అది అదనపు సొమ్మన్నట్టు ఒక్క మధ్యాహ్నంలో ఖర్చయిపోతుంది. రెండూ మన డబ్బే. రైతుబజారులో వంకాయల దగ్గర రెండు రూపాయలకు బేరమాడి గెలిచామనుకుంటాం. ఆ సాయంత్రమే లక్షల రూపాయల కాగితం మీద చదవకుండా సంతకం పెడతాం. బజారు డబ్బా వేరు, బ్యాంకు డబ్బా వేరు అయిపోయాయి.

నమ్మకానికి గడువు తేదీ

ఈ రెండు పక్షాలూ ఒకే చోట, ఒకే సరుకు విషయంలో ఎలా ప్రవర్తించాయో చూపే ఉదంతం ఒకటి మన దేశంలోనే జరిగింది. మీలో చాలామందికి అది పేపరులో చదివిన వార్త మాత్రమే కాదు, స్వానుభవం. యూనిట్ 64 గురించి చెబుతున్నాను.

యూనిట్ ట్రస్టు పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. 1964లో మొదటి పథకం ప్రారంభించింది. పది రూపాయల యూనిట్. కొనే ధర, తిరిగి ఇచ్చే ధర ట్రస్టే ప్రకటించేది. ఏటా డివిడెండు వచ్చేది. 1990ల మధ్యలో 26 శాతం కూడా ఇచ్చింది. ఉద్యోగులు, రిటైరైనవారు, వితంతువులు ఇది ప్రభుత్వానిది, దీనికి ఢోకా లేదు అని నమ్మారు. అప్పటికి ఆ నమ్మకానికి ఆధారం ఉంది. సైమన్ చెప్పిన "చాలు" అదే.

అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం క్రమంగా షేర్లలోకి వెళ్ళింది. తిరిగి ఇచ్చే ధరకూ, లోపల ఉన్న ఆస్తుల అసలు విలువకూ సంబంధం తెగిపోయింది. 1998 అక్టోబరులో పథకం రిజర్వులు హరించుకుపోయాయన్న సంగతి బయటపడింది. ప్రభుత్వం ఆదుకుంది. దీపక్ పరేఖ్ అధ్యక్షతన వేసిన కమిటీ, పథకాన్ని ఆస్తుల విలువ ఆధారంగా నడిచే పద్ధతిలోకి మార్చమని సిఫారసు చేసింది. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే. డివిడెండు 1998లో 20 శాతం, 1999లో 13.5 శాతం, 2001లో 10 శాతం అయింది.

2001 ఏప్రిల్, మే నెలల్లో ఈ పథకం నుంచి నాలుగు వేల కోట్ల రూపాయల పైన వెనక్కి వెళ్ళింది. అందులో అత్యధిక భాగం తీసుకున్నవి కంపెనీలు. అప్పుడు ట్రస్టు ఇస్తున్న ధర యూనిట్‌కు 14 రూపాయల పైన. జూలై 2న అమ్మకాలు, తిరిగి కొనడం రెండూ ఆరు నెలలపాటు నిలిపివేశారు. ఆ రోజు తలుపు లోపల మిగిలిపోయినవారిలో అత్యధికులు చిన్న మొత్తాలవారు. కూతురి పెళ్ళి పెట్టుకున్నవారు, ఆపరేషనుకు డబ్బు కావలసినవారు ఆ కాగితాలు చేత్తో పట్టుకుని తిరిగారు. ఆగస్టు నుంచి మూడు వేల యూనిట్ల వరకు పది రూపాయలకు తిరిగి తీసుకుంటామనీ, నెలకు పది పైసలు పెంచుతామనీ ప్రకటించారు. 2002 జనవరి నుంచి పథకం ఆస్తుల విలువ పద్ధతిలోకి మారింది. ఆ విలువ చూస్తే ఆరు రూపాయలు కూడా లేదు.

చివరికి ప్రభుత్వం బాధ్యత తీసుకుంది. ఐదు వేల యూనిట్ల వరకు 12 రూపాయలు, ఆ పైన వాటికి 10 రూపాయలు చొప్పున హామీ ఇచ్చింది. 2003లో నగదు వద్దన్నవారికి 6.75 శాతం వడ్డీతో పన్నులేని బాండ్లు ఇచ్చింది. అవి 2008లో తీరిపోయాయి. అంచేత కంగారుపడకుండా నిలబడిన చిన్న మదుపరులు పూర్తిగా మునిగిపోలేదు. అయినా కావలసినప్పుడు చేతికి రాని డబ్బు, 14 రూపాయలకు కొని 12కు తీసుకున్న డబ్బు, నష్టం కాదని ఎవరు అనగలరు?

కంపెనీలకు ముందుగా ఏమి తెలుసు, ఎలా తెలుసు అన్న ప్రశ్నలు పార్లమెంటు సంయుక్త సంఘం దాకా వెళ్ళాయి. ఆ చర్చ జోలికి నేను పోను. మనకు కావలసిన పాఠం వేరే ఉంది. కంపెనీలో ఆ పెట్టుబడిని చూడటానికే ఒక మనిషి ఉంటాడు. మూడు నెలలకోసారి ఉంచాలా, తీయాలా అని నోటు పెట్టడం అతని పని. ఇంట్లో ఆ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. 1980లో తీసుకున్న మంచి నిర్ణయాన్ని 1998లో ఎవరూ మళ్ళీ తీసి చూడలేదు. మందు సీసా మీద గడువు తేదీ చూసే మనం, నమ్మకం మీద కూడా ఒక తేదీ వేసుకోవాలి.

నేటి కౌంటరు దగ్గర

అదంతా పాత కథ అనుకోవద్దు. మన సభ్యులలో డెబ్బై దాటిన ఒకరు, పేరు చెప్పను, గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్టు తిరిగి వేయడానికి ఒక బ్యాంకుకు వెళ్ళారు. డిపాజిట్టు కన్నా ఇది లాభం అని చెబితే సంతకం పెట్టి వచ్చారు. అది జీవిత బీమా పాలసీ. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అంతే ప్రీమియం కట్టమని నోటీసు వచ్చినప్పుడు గానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఏటా కట్టవలసినదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాగితంలో మాత్రం ఉంది.

అక్కడ కూర్చున్నవారిని తిట్టి ప్రయోజనం లేదు. వారూ మనలాగే ఉద్యోగులు. వారికి నెలవారీ టార్గెట్లు ఉంటాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్టుకు లేని కమీషను పాలసీకి ఉంటుంది. సంస్థ తన లెక్క ప్రకారం నిర్ణయం తీసుకుంది. మన లెక్క మనం వేసుకోవాలి.

ఇటువంటి సందర్భానికి నిబంధన ఉంది. 2024లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం, పాలసీ పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజులలోపు, ఇది నాకు పనికిరాదు అని తిప్పి పంపవచ్చు. స్వల్ప మినహాయింపులు పోను డబ్బు వాపసు వస్తుంది. ఆ 30 రోజులూ ఆ కవరు విప్పకుండా బల్ల మీద పడి ఉంటే మాత్రం చట్టం కూడా ఏమీ చేయలేదు.

గడువు దాటిపోయాక మరొక ప్రమాదం ఉంది. "ఒక ఏడాది కట్టేశాం గదా, మానేస్తే ఆ డబ్బు వృథా" అని రెండో ఏడాది, మూడో ఏడాది కట్టడం. ఇది నష్టభయం చేయించే పని. కట్టేసిన డబ్బు గురించి కాసేపు మరిచిపోండి. ఇప్పుడు ఆపితే ఎంత వస్తుంది, ఇక మీదట ఎంత కట్టాలి, దానికి ఎంత వస్తుంది, అదే డబ్బు వేరే చోట ఉంటే ఎంత వస్తుంది అన్న నాలుగు అంకెలు కాగితం మీద రాసి చూడండి. కట్టడమే మేలని తేలవచ్చు, మానడమే మేలని తేలవచ్చు. అంకెలు చెప్పాలి గాని బాధ చెప్పకూడదు.

వడ్డీ విషయంలోనూ అంతే. అందరికన్నా ఎక్కువ ఇస్తామంటే, ఆ ఎక్కువ ఎక్కడ నుంచి వస్తుందో అడగండి. బ్యాంకు డిపాజిట్లకు, ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్ష రూపాయలే. అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులకూ అది వర్తిస్తుంది. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల డిపాజిట్లకు, స్థిరాస్తి కంపెనీలు రాసిచ్చే బాండ్లకు వర్తించదు. అదనంగా వచ్చే వడ్డీ, ఆ బీమా లేనందుకు మనకిచ్చే కూలి అనుకోండి. ఆ కూలి చాలునా చాలదా అన్నది మీ నిర్ణయం.

ఇప్పుడు ఫోనులో కొనడం కూడా వచ్చింది. "ఇంకా రెండే మిగిలాయి, పది నిమిషాలే గడువు" అని గడియారం తిరుగుతూ ఉంటుంది. అడగని వస్తువు బుట్టలో చేరుతుంది. చందా చేరడం ఒక్క నొక్కుతో అవుతుంది, మానడానికి దారి కనిపించదు. ఇలాంటి 13 రకాల పద్ధతులను డార్క్ ప్యాటర్న్స్ పేరుతో గుర్తించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ప్రకటించింది. ఇవన్నీ ఏం చేస్తున్నాయో గమనించండి. మనకు ఆలోచించే వ్యవధి లేకుండా చేస్తున్నాయి. ఆలస్యం అమృతం విషం అని అమ్మేవాడు అంటాడు. నిదానమే ప్రధానం అని కొనేవాడు అనుకోవాలి.

ఇంటి ఫైలు

సరే, ఏమి చేయాలి? ఆఫీసులో చేసినదే ఇంట్లో చేద్దాం. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. మీ ఒక నెల పెన్షను కన్నా ఎక్కువ మొత్తానికి సంబంధించిన ఏ నిర్ణయానికైనా అందులో ఒక పేజీ కేటాయించండి. ఆరు ప్రశ్నలు రాసుకుని, ఎదురుగా జవాబులు రాయండి.

ఒకటి, ఇండెంటు. ఇది నాకు ఎందుకు కావాలి? ఎవరో అమ్మజూపక ముందే ఈ అవసరం నాకుందా?

రెండు, కొటేషన్లు. ఇదే పనికి మరో రెండు చోట్ల ఏమిస్తున్నారు? అందులో ఒకటి పోస్టాఫీసు అయితే మంచిది.

మూడు, అమ్మేవాడికి ఏమి దక్కుతుంది? నిస్సంకోచంగా అడగండి. అడిగితే తప్పుపట్టేవాడి దగ్గర కొనవద్దు.

నాలుగు, బయటికి దారి. మధ్యలో డబ్బు కావాలంటే ఎప్పుడు ఇస్తారు, ఎంత కోసుకుంటారు? సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము సంగతే చూడండి. గడువు ఐదేళ్ళు. 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల వరకు వేయవచ్చు. ఏడాది లోపు తీస్తే వడ్డీ దక్కదు. ఏడాది దాటి రెండేళ్ళ లోపు తీస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్ళు దాటాక తీస్తే ఒక శాతం కోత. ఇంత స్పష్టంగా జవాబు చెప్పగలిగినదే మంచి పథకం. "మధ్యలో తీయవలసిన అవసరమే రాదు సార్" అన్నది జవాబు కాదు.

ఐదు, శాంక్షను. రెండో సంతకం ఇంట్లోవారిది. పేజీ అడుగున భార్య గాని, భర్త గాని చదివి సంతకం పెట్టాలి. ఒంటరిగా ఉన్నవారు పిల్లలకో, నమ్మకమైన సాటి పెన్షనరుకో చూపించాలి. దీనికి ఒక రాత్రి గడవనివ్వాలి. ఏ మంచి పథకమూ ఒక్క రాత్రిలో మాయమైపోదు.

ఆరు, ఆడిటు. ప్రతి సంవత్సరం నవంబరులో మనం లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తాం గదా. ఆ రోజే ఈ పుస్తకం కూడా తీయండి. పెట్టినదల్లా ఒక్కొక్కటే చూడండి. ఈ రోజు నా చేతిలో డబ్బుంటే దీన్ని మళ్ళీ కొంటానా అని ప్రశ్నించుకోండి. కొనను అనిపిస్తే, బయటికి దారి ఏమిటో నాలుగో జవాబులో ఇదివరకే రాసి ఉంటుంది. నామినీ పేరు సరిగా ఉందో లేదో కూడా ఆ రోజే చూడండి.

ఇంత చేసినా మోసపోతే? పోరాడటానికి దారులున్నాయి. బ్యాంకుల మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, బీమా మీద బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు దాచుకోవాలి. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుంచి అమలవుతోంది. మనం నివసించే చోటనే జిల్లా కమిషనులో కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు చెల్లించిన వ్యవహారాలకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఏ దారిన వెళ్ళినా మొదట అడిగేది కాగితాలే. నోటుబుక్కులోని ఆ పేజీ అప్పుడు మీ తరఫు సాక్షి అవుతుంది.

చివరగా ఈ సభలో ఉన్న అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మనవి. మన సంఘం ఆఫీసుకు ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చే మహిళల్లో చాలామంది కాగితాల సంచీ ఒకటి తెచ్చి బల్ల మీద బోర్లించి, "వీటిలో ఏవి పనికొస్తాయో చూడండి బాబూ" అంటారు. నలభై ఏళ్ళు సంసారం నడిపినవారు వారు. ఒక కిలో కందిపప్పును నాలుగు కొట్లలో చూసి కొన్నవారు. ఇంటికి సంబంధించిన చిన్న నిర్ణయాలన్నిటిలోనూ వారి మాట ఉంది. పెద్ద నిర్ణయాల్లో మాత్రం వారి చూపు పడనివ్వలేదు. ఆ సంచీలో ఒక నోటుబుక్కు ఉండి ఉంటే, ఏది ఎందుకు కొన్నామో, ఎలా బయటపడాలో ఆయన చేతిరాతలోనే ఆమెకు తెలిసేది.

మనం కట్టిన పన్నులతో కొన్న కుర్చీలకు అంత జాగ్రత్త పడ్డాం. మన చెమటతో వచ్చిన డబ్బుకు అందులో సగం జాగ్రత్త పడినా చాలు. ఈ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే నాటికి మన సభ్యులందరి ఇళ్ళలో ఈ పుస్తకం మొదలవ్వాలని కోరుకుంటున్నాను.